రానోళ్ళ పొట్లం

సకల ప్రాణుల లోపలా వెలుపలా నిండి ఉన్న లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. పిలిచినవాడి కోసం రాతిస్తంభంలోంచి సైతం బయటికి వచ్చిన దయ ఆయనది. నా చేత అక్షరాలు దిద్దించినవాడూ ఆయనే, భజనలో కూర్చోబెట్టినవాడూ ఆయనే, నా దారిలో ఒక మనిషిని నిలబెట్టి ఈమె వెంట నడువు అన్నవాడూ ఆయనే. ఆ మనిషి గురించి రాయబోతూ ఆయనను తలచుకోకపోతే నా చెయ్యి కదలదు. స్వామీ, జరిగినదానికి ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ రాయనివ్వకు.

ఈ ఉదయం హిందూపురంలో మా మేడ మీద తులసికి నీళ్ళు పోస్తుంటే వీధి చివరి నుంచి పట్టుగూళ్ళు ఉడికే వాసన వచ్చింది. కొత్తవాళ్ళు ఆ వాసనకు ముక్కు మూసుకుని గబగబా నడిచిపోతారు. వేడినీళ్ళలో గూడు మెత్తబడి, లోపలి పురుగు ఉడికి, తడిగా, బరువుగా గాలిలోకి లేచే వాసన అది. ఆవిరి రేకుల కింద నుంచి వచ్చి వీధి మీద ఎండలో తెల్లగా పరుచుకుంటుంది. దాని అవతల నడిచే మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు కనబడతారు. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ ఆవిరిలోంచి భుజాన గుడ్డసంచి, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం, పిడికిట్లో శనక్కాయలతో నంజమ్మ మేడం నడిచి వస్తున్నట్టే ఉంది. ఆమె పోయి రెండేళ్ళయింది. లోపల గదిలో నా బల్ల మీద ఒక దరఖాస్తు ఉంది. అందులో ఒక్క గడి ఖాళీగా ఉంది. పది రోజులుగా దాన్ని నింపలేకపోతున్నాను.

నంజమ్మ మేడంది పరిగి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెనుకొండ దగ్గరున్న మా విశ్వవిద్యాలయంలో జీవరసాయన విభాగానికి పెద్ద. నేను ఆమె దగ్గర పరిశోధక విద్యార్థిని. పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఆడవాళ్ళకు కొన్నేళ్ళకు ఆయాసం పట్టుకుంటుంది. గూడును అంటిపెట్టుకుని ఉండే జిగురులో ఏదో ఒక ప్రొటీను వాళ్ళ ఊపిరితిత్తులకు పడదు. అది ఏది, ఎవరికి పడదు, ముందుగానే ఎలా కనిపెట్టాలి అన్నదే ఆమె జీవితమంతా వెతికిన విషయం. ఆమెను చూడనివాళ్ళు చదువుతారు కనుక చెబుతున్నాను: ఆమె పొడగరి కాదు, అందగత్తె కాదు. గొంతు మాత్రం పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినబడేది. ఆ గొంతు గురించి తర్వాత చెప్పాల్సి వస్తుంది.

చేరిన మొదటిరోజు నాకు తెల్లకోటు ఇస్తారనుకున్నాను. ఆమె నన్ను బస్సెక్కించి మళ్ళీ హిందూపురానికే తీసుకొచ్చి, మా వీధి చివరే ఉన్న పట్టుదారం తీసేచోట ఒక మూల నిలబెట్టారు. వేడినీళ్ళ తొట్ల ముందు ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. నానీ నానీ వాళ్ళ వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి. ఆ వేళ్ళ కొసల నుంచి దారాలు కంటికి కనబడీ కనబడనంత సన్నగా పైకి పోతున్నాయి. ఒకామె నన్ను చూసి జాలిపడింది.

"మేడమ్మా, ఆ పాపను ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. పాపం, కోమట్లింటి బిడ్డ, ఓర్చుకోలేదు."

"ఒగ గంట కట్టుకోకుండా ఉండనీలే అక్కా," అన్నారు మేడం.

గంట గడిచేసరికి నా ఎదలో ఏదో బిగిసింది. దగ్గు మొదలైంది. బయటికి తీసుకొచ్చి నీళ్ళిచ్చి అడిగారు. "ఎట్లుండాది?"

"ఎద పట్టేసినట్టుంది మేడం."

"నీకు గంటకే పట్టేసింది. ఆయమ్మకు పదైదేండ్లు. ల్యాబులో కూచోని చుక్కలు వేసేటప్పుడు ఈ గంట గుర్తుండల్ల. సరేనా మే?"

నా పరిశోధన ఆ దగ్గుతో మొదలైంది. వీధి చివరే ఉన్న ఆ వాసనను పుట్టినప్పటి నుంచి పీలుస్తున్నాను. అందులో మనుషులున్నారని ఆ రోజు తెలిసింది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది చింతపండు, బెల్లం అంగడి. అంగడి వెనక గదిలో, మూటల మధ్య స్వామి పటం ముందు ప్రతి శనివారం సాయంత్రం భజన జరిగేది. నడిపించేది మా అవ్వ. ఐదేళ్ళ వయసులో నేను స్తోత్రాలు నేర్చుకున్నది అక్కడే, పురాణం విన్నదీ అక్కడే. హారతి అయ్యాక అవ్వ ప్రసాదం పంచేది. అయితే గుగ్గిళ్ళు, కొబ్బరి ముక్క, బెల్లం ముందుగా ముత్తుగాకుల్లో, అంటే మోదుగాకుల్లో, పెట్టి కట్టేది ఆ వారం రాని వాళ్ళకు. వచ్చినవాళ్ళకు తర్వాతే. ఆ కట్టలను మా ఇంట్లో రానోళ్ళ పొట్లాలు అనేవాళ్ళం. వాటిని ఇళ్ళకు చేర్చే పని నాది. అవ్వ నాకు ఒక్కటే నియమం పెట్టింది. "ఏంటికి రాలేదని అడగొద్దు పాపా. పొట్లమిచ్చి కొంచేపు నిలబడు. చెప్పల్లనుకుంటే వాళ్ళే చెప్తారు." నిజంగానే చెప్పేవాళ్ళు. జ్వరమని, భజనలో ఫలానావిడ పక్కన కూర్చోలేనని, కట్టుకోవడానికి మంచి చీర లేదని, గడప దగ్గర నిలబడిన చిన్నపిల్లతో ఆడవాళ్ళు చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఒకసారి మేడం మా భజనకు వచ్చారు. పొట్లాలు పట్టుకుని బయల్దేరిన నన్ను చూసి అవ్వను అడిగి సంగతంతా తెలుసుకున్నారు.

ఇంకొక అలవాటు కూడా ఆ అంగడిదే. మా అంగట్లో "లేదు" అనే మాట పలకకూడదు. బెల్లం అయిపోతే నాయన "నిండుకునింది, రేపు రాండి" అనేవాడు. మంచి పనికి పోయేటప్పుడు కీడుమాట నోట రానివ్వని ఇల్లు మాది. దానివల్లే నేను జీవితంలో పెద్ద తప్పు చేశాను.

నేను చేరిన రెండో సంవత్సరం, వైద్య పరిశోధనలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఒక పెద్ద గ్రాంటుకు ప్రకటన వచ్చింది. అది ఒక మనిషికి ఇచ్చేది కాదు, విశ్వవిద్యాలయానికి ఇచ్చేది. ముందు ఆ విశ్వవిద్యాలయానికి అర్హత ఉందా అని చూస్తారు. డాక్టరేటు ఇచ్చే అధికారం ఉందా, మనుషుల రక్తనమూనాలు తీసుకునే పనిని పరిశీలించే నైతిక సంఘం ఉందా, మార్గదర్శకులు ఎందరు, ల్యాబు ఎలా ఉంది. ఇవన్నీ మాకు ఉన్నాయి. ఆఖరున ఒక పట్టిక. గత పదేళ్ళలో చేరిన ప్రతి పరిశోధక విద్యార్థి పేరు, పూర్తి చేశారా, మానేస్తే ఎందుకు మానేశారు, ఇప్పుడు ఎక్కడున్నారు. ఆ ఏడు అర్హత రాకపోతే మా విభాగంలో కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోవడం ఆపేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అంటే ఉన్న ఇద్దరు ముగ్గురం బయటికి వెళ్ళగానే ల్యాబు మూతపడుతుంది. దారం తీసే ఆడవాళ్ళ ఆయాసం గురించి అడిగేవాళ్ళు ఇక ఉండరు. మా అందరి ప్రాణాలూ ఆ కాగితాల మీదే ఉన్నాయి.

పట్టిక తయారు చేసే పని నాకిచ్చారు. ఇంకా చదువుతున్న మమ్మల్ని పక్కన పెడితే పదకొండు పేర్లు. ఐదుగురు పూర్తి చేశారు, ఆరుగురు మానేశారు. ఆ ఆరుగురి ఎదురుగా "మానేశారు" అని టైపు చేయబోతే నా వేళ్ళు ఆగిపోయాయి. స్వామి పేరు తలచుకుని మొదలుపెట్టిన దరఖాస్తు అది. మూలన పసుపు కూడా పెట్టాను. అందులో ఆరుసార్లు ఆ మాటా? ఆరుగురికీ "కొనసాగుతున్నారు" అని రాశాను. మోసం చేస్తున్నానని అనుకోలేదు. నిండుకుందని రాస్తున్నానంతే అనుకున్నాను. నా భక్తి నాకు అలా కళ్ళు కప్పింది.

మరునాడు మేడం కళ్ళద్దాలు పెట్టుకుని పట్టిక చదివారు. శనక్కాయ ఒలుస్తున్న చెయ్యి ఆగింది.

"ఈ ఆరుగురూ యాడ కొనసాగుతాండారు మే?"

నేను ఆ ఆరు పేర్లూ మళ్ళీ చదివాను.

"నాకైతే ఈడ కనపళ్ళేదు. నీకేమన్నా కనపడతాండారా?"

"మానేశారని రాస్తే బాగుండదని మేడం. మంచి పనికి పోతూ..."

"మీ అంగట్లో బెల్లం అయిపోతే ఏమంటారు?"

"నిండుకుందంటాం."

"అట్లంటే వచ్చినాయప్ప సంచి నిండుతాదా?"

తల దించుకున్నాను. ఆమె కోప్పడలేదు. కాగితాన్ని నా వైపు తిప్పి, వేలితో ఆ గడులను తట్టారు. "నీ స్వామి స్తంభంలో ఉండాడని పాడతావే. ఈ గడిలో ఉండడా?"

ఎన్ని పారాయణాలు విన్నానో, ఎంత భజన చేశానో! ఆయన చూస్తున్నాడన్న సంగతి ఒక్క కాగితం ముందు మర్చిపోయాను. కన్నీళ్ళు తుడుచుకునే లోపే ఆమె లేచి సంచి భుజాన వేసుకున్నారు.

"వీళ్ళు ఏంటికి పోయినారో నాకే సరిగ్గా తెల్దు పాపా. పెండ్లని, ఇంటికాడ ఇబ్బందని అనుకుంటా ఉండిపోయినా. నువ్వు రానోళ్ళకు పొట్లం తీసకపోతావు కదా. ఈ ఆరుగురికీ తీసకపోదాం. గడువు మూడు వారాలుండాది, పా."

అలా మొదలైంది. పోయిన ప్రతిసారీ ఒకటి చొప్పున అవ్వ ఆరు పొట్లాలు ఎక్కువ కట్టింది. నేను హిందూపురంలో రైలెక్కేదాన్ని, మేడం పెనుకొండలో ఎక్కేవారు. కొన్ని ఊళ్ళకు బస్సు. ఆ మూడు వారాలు తలచుకుంటే ఒక్కొక్క రోజూ విడిగా గుర్తురాదు. అంతా ఒకే పొడవైన మధ్యాహ్నంలా ఉంటుంది. కిటికీలోంచి ఎర్రనేల, రాళ్ళగుట్టలు, శనగచేలు, ఎండలో ఊగుతున్న గడ్డి వెనక్కి పోతూ ఉంటాయి. ఒళ్ళో ముత్తుగాకు వాసన. ఎదురుగా మేడం కళ్ళు మూసుకుని, నిద్రో ధ్యానమో తెలియకుండా. పెనుకొండ బస్టాండు దగ్గర రక్తపరీక్షల కేంద్రం పెట్టుకున్న ఒకతను మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి, "ఏం మేడం, హాజరు తీసుకుందామని వచ్చినారా? ప్రెజెంట్ మేడం!" అని నవ్వించాడు. టీ తాగాక, తండ్రికి పక్షవాతం వచ్చిన ఏడు ఎవరితోనూ చెప్పుకోలేక మానేశానని చెప్పాడు. నేను ఏమీ అడగలేదు. పొట్లమిచ్చి నిలబడ్డానంతే.

ఆఖరి పేరు హేమావతిది. ధర్మవరంలో నేతపని చేసే ఇంటి పిల్ల. నేను చేరకముందే మానేసింది. పెండ్లి కుదిరి మానేసిందని మేడం నమ్మకం. మేము ధర్మవరంలో దిగి వీధులు అడుగుతూ పోయేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటూ, వీధంతా ఒకే గుండె కొట్టుకుంటున్నట్టుంది. తలుపు తీసే ఉంది. లోపల చల్లగా, చీకటిగా ఉంది. నేలలో తవ్విన మగ్గం గుంతలో నడుము దాకా దిగి ఒకామె నేస్తోంది. రేకు సందులోంచి పడిన ఎండ మగ్గం మీది జరీ అంచు మీద వెలుగుతోంది.

"ఎవురూ?"

"నేను హేమా, నంజమ్మను."

మగ్గం ఆగింది. ఆమె తలెత్తి చూసి, లేవకుండానే నవ్వింది. "రాండి మేడం. మీరు చెప్పిన తావులోనే ఉండా."

"నేనేం చెప్పినా?"

"మర్చిపోయినారా? ఫ్రీజరు తలుపు సరిగ్గా పడక రక్తనమూనాలన్నీ పాడయినాయి కదా. అందరి ముందరా అన్నారు. మగ్గం గుంతలో కూచోవల్సినదానివి ల్యాబుకు ఏంటికొచ్చినావని. సరేలెమ్మని వచ్చి కూచున్నా."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. ఇందాక చెప్పిన మేడం గొంతు, గట్టు నుంచి గట్టుకు వినబడే ఆ గొంతు, ఎంత దూరం వచ్చి పడిందో ఆ గదిలో నిలబడి చూశాను. లోపలి నుంచి హేమావతి అమ్మ కేకేసింది. "ఎవురొచ్చినారు మే?"

"నన్ను మగ్గంలో కూచోబెట్టిన మేడం వచ్చినారమ్మా! టీ పెట్టు."

నంజమ్మ మేడం గుంత అంచున నేల మీద కూర్చున్నారు. ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి. పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నేనన్నానా ఆ మాట?"

"అన్నారు మేడం."

"అనింటా," అన్నారామె నెమ్మదిగా. "నా నోటికి అట్లాంటిది వస్తాది. తప్పయింది హేమా."

హేమావతి దారం సరిచేస్తున్నట్టు తల దించుకుంది. నేను ముందుకు పోయి పొట్లం ఆమె చేతికిచ్చి పక్కన నిలబడ్డాను. ఆమె ఆకు విప్పి, కొబ్బరి ముక్క సగం విరిచి మేడం చేతిలో పెట్టింది.

"ఈ మాట దరఖాస్తులో రాయల్ల," అన్నారు మేడం. "రాయనా?"

"రాస్తే మీకు గ్రాంటు వస్తాదా?"

"రాదేమో."

"మరేంటికి రాసేది?"

"నువ్వు పోయింది దానికే కాబట్టి."

హేమావతి ఆకు మడిచి పక్కన పెట్టింది. "సరే, రాయండి. పేరు మటుకు నిండుగా రాయండి మేడం. ల్యాబులో అందరూ హేమా హేమా అని తుంచేటోళ్ళు. హేమావతి అని రాయండి."

తిరుగు రైల్లో మేడం నా పెన్ను అడిగారు. ఊగుతున్న పెట్టెలో, సంచిని బల్లలా ఒళ్ళో పెట్టుకుని, ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. దానికి తెలుగు ఇది: మార్గదర్శకురాలినైన నేను నలుగురిలో అవమానించినందువల్ల మానేసింది. రాసి పెన్ను నాకిచ్చి కిటికీ వైపు తిరిగారు. పెనుకొండ కొండ దూరాన నీలంగా కనబడేదాకా అలాగే ఉన్నారు. ఆమె పూజలు చేయడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ రోజు రైల్లో నా ఎదుట జరిగింది ఆరాధన కాకపోతే, ఆరాధన అంటే ఏమిటో నాకు తెలియదు.

ఆఫీసు సూపరింటెండెంట్ వెంకటరమణప్ప ఆ పట్టిక చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడం, ఇది దరఖాస్తా, కోర్టులో వాంగ్మూలమా?"

"రెండిట్లోనూ సంతకం పెట్టేది నిజమనే కదప్పా."

"నిజమేలే మేడం. అంత నిజం ఎవురడిగినారు?"

"ఈ గడి అడిగిందప్పా. చూడు, ఎందుకు అని ఉండాది."

ఆయన తల గోక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. చివరికి ముద్ర వేసి, "నేనైతే ఈ ముద్ర వేయలేదనుకోండి," అన్నాడు.

జవాబు వచ్చేదాకా నేను రోజూ పెనుకొండ కొండ కింద స్వామి గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేశాను. నిజం చెప్పాం కదా, స్వామి ఊరుకోడని గట్టిగా నమ్మాను. నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. ఈ విడతకు అర్హత లేదు. పాతవాళ్ళలో సగానికి పైగా మానేసిన చోట విద్యార్థుల శిక్షణకు గ్రాంటు ఇవ్వలేమన్నారు. నేను ఆ కాగితం పట్టుకుని ల్యాబులో వెక్కి వెక్కి ఏడ్చాను. స్వామి మీద కోపం వచ్చింది. ఆ మాట దాచను.

"నేను రాసినట్టే వదిలేసుంటే మనకు అర్హత వచ్చేది మేడం!"

"రాసింటే వచ్చేది," అన్నారామె. "అర్హత ఉండాదని కాగితం వచ్చేది. ఉండేది కాదు. వాళ్ళు లేదన్నారు. లేదు కాబట్టే అన్నారు. నువ్వు లేదనే మాట లేని ఇంట్లో పెరిగినావు పాపా. ఒగసారి లేదని నోరు తెరిచి చెప్పుకో. అప్పుడు తెచ్చుకోవల్లనిపిస్తాది."

కొత్త విద్యార్థులను తీసుకోవడం ఆగిపోయింది. బెంచీలు ఖాళీ అయ్యాయి. సాయంత్రం ఎండ కిటికీలోంచి వచ్చి ఖాళీ స్టూళ్ళ మీద కూర్చునేది. కానీ ఆ ఖాళీలోనే మేడం పని మొదలుపెట్టారు. నెలకొక శనివారం, వెళ్ళిపోయినవాళ్ళలో ఎవరో ఒకరింటికి పోయేవారు. రమ్మని అడిగేవారు కాదు. ల్యాబులో ఎవరైనా మూడు రోజులు రాకపోతే ఒకరు వాళ్ళ ఇంటికి పోవాలని నియమం పెట్టారు. నలుగురిలో తిట్టడం మానేశారు. కోపం వచ్చినప్పుడు బయటికి పోయి వరండాలో శనక్కాయలు ఒలుచుకునేవారు. వరండాలో పొట్టు కుప్ప ఎంత పెద్దదైతే లోపల అంత పెద్ద తప్పు జరిగిందని మాకు లెక్క.

మరుసటి ఏడు జూన్ నెలలో ఒకరోజు ల్యాబు గుమ్మంలో హేమావతి నిలబడి ఉంది. చేతిలో టిఫిను డబ్బా.

"మేడం, ఆ ఫ్రీజరు తలుపు బాగు చేయించినారా?"

"లేదు," అన్నారు మేడం, సూక్ష్మదర్శిని నుంచి తలెత్తకుండా. "నువ్వొచ్చి చేయిస్తావని పెట్టినా."

ఆమె తలెత్తకపోవడానికి కారణం నేను చూశాను. కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

మధ్యలో మానేసినవాళ్ళను మళ్ళీ చేర్చుకునేందుకు విశ్వవిద్యాలయాన్ని ఒప్పించడానికి ఆమె ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగారో వెంకటరమణప్పకే తెలుసు. ఈసారి ఆయనే ఫైలు చేత్తో పట్టుకుని ముందు నడిచాడు. హేమావతితోపాటు పెనుకొండ అతను కూడా తిరిగి వచ్చాడు. ఇద్దరూ పూర్తి చేశారు. మొదటి ఉత్తరం వచ్చిన నాలుగేళ్ళకు మళ్ళీ దరఖాస్తు పెట్టాం. అర్హత వచ్చింది. అప్పటికి మేడం పదవీ విరమణ చేసి పరిగిలో ఉన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని నేను బస్సులో పోయాను. ఆమె మల్బరీ తోటలో ఆకు కోస్తున్నారు. తడి చేతులు చీరకు తుడుచుకుని, ఉత్తరం కంటే ముందు పట్టిక నకలు అడిగారు.

"హేమావతి పేరు ఏ గడిలో పెట్టినారు?"

"పూర్తి చేసినవాళ్ళలో మేడం."

"మధ్యలో పోయినది?"

"అదీ ఉంది. మీరు రాసిన వాక్యం అలాగే ఉంది. తీసేద్దామా అని అడిగితే హేమావతే వద్దంది."

"అట్లే ఉండనీ," అని ఆమె మళ్ళీ ఆకుల్లోకి చెయ్యి పెట్టారు. ఆకుల మధ్య ఎండ పడి ఆమె చేతుల మీద చుక్కలు చుక్కలుగా కదులుతోంది. ఆమెను తలచుకుంటే నాకు ముందుగా కనబడేది ఆ చేతులే.

ఇప్పుడు ఆ విభాగంలో నేను మార్గదర్శకురాలిని. గ్రాంటు కొనసాగాలంటే ఆ పట్టిక మళ్ళీ మళ్ళీ నింపాలి. ఈసారి నా బల్ల మీద ఖాళీగా ఉన్న గడి నందినిది. తలుపుల అనే ఊరి దగ్గరి రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. నా దగ్గర రెండేళ్ళు చదివి, పోయిన మాఘమాసం నుంచి రావడం మానేసింది. చివరిసారి నా గదికి వచ్చినప్పుడు ఆమె ఏదో చెప్పబోయింది. మొహం వాడిపోయి ఉంది. నాకు పారాయణానికి వేళ అవుతోంది. "స్వామిని ప్రార్థించు తల్లీ, అన్నీ సర్దుకుంటాయి," అని సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. నేను గట్టిగా అరవలేదు, అవమానించలేదు. భగవంతుడి పేరు అడ్డం పెట్టి తలుపు వేశాను. మేడం నోటికి కేక ఎక్కువ. నా నోటికి ప్రార్థన ఎక్కువ. ఆ పిల్ల మూడు రోజులు రానప్పుడు ఇంటికి మనిషిని పంపాల్సిన నియమం కూడా నేనే మర్చిపోయాను. ఇన్నాళ్ళూ ఆ గడిలో "కుటుంబ కారణాలు" అని రాయడానికి పెన్ను తీసి, మూత పెట్టేస్తున్నాను.

ఈరోజు శనివారం. గూళ్ళు ఉడికే వాసన ఇంకా వస్తూనే ఉంది. అవ్వ లేదు కానీ ముత్తుగాకులు దొరుకుతాయి. గుగ్గిళ్ళు, కొబ్బరి ముక్క, బెల్లం పెట్టి ఒక పొట్లం కట్టాను. కదిరి మీదుగా తలుపులకు పోయే బస్సు ఇంకో గంటకుంది. నందిని గడప దగ్గర పొట్లమిచ్చి కొంచెంసేపు నిలబడతాను. ఏమీ అడగను. ఆమె చెబితే, చెప్పింది చెప్పినట్టు ఆ గడిలో రాస్తాను. అందులో నా పేరు ఉంటే నా పేరు రాస్తాను. అర్హత వస్తుందో పోతుందో స్వామి చూసుకుంటాడు.

ఇది చదువుతున్నవాళ్ళారా, ఒక్క క్షణం నాతోపాటు చేతులు జోడించండి. స్వామీ, ఈ పొట్లం తీసుకోవడానికి ఆ పిల్ల తలుపు తీసేలా చూడు. తీసినప్పుడు నా నోటిని ఆపు. రానివాళ్ళందరి ఇళ్ళ ముందూ ఎవరో ఒకరిని కొంచెంసేపు నిలబెట్టు.